వంశచరిత్రయు మత్తుమందును : చెన్నపురి అనుభవము

ఉపోద్ఘాతము

శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చు వైద్యుడు రోగిని కొన్ని ప్రశ్నలు అడుగుట పరిపాటి. పూర్వము ఏదైన మందు పడక బాధ కలిగినదా? ఇంటిలో ఎవరికైనను మత్తు ఇచ్చినపుడు ప్రమాదము సంభవించినదా? త్రాగుడు అలవాటు కలదా? మొదటి రెండు ప్రశ్నలకు మన కుటుంబములవారు జ్ఞాపకము చేసికొని మరీ సమాధానము చెప్పుదురు. మూడవ ప్రశ్న వచ్చుసరికి మంచము చుట్టు నిలిచినవారు ఒకరి ముఖ మొకరు చూచుకొందురు. "ఎప్పుడో పండుగకు పబ్బమునకు" అని ఒకరు సర్దిచెప్పుదురు. తాతగారి సంగతి, మేనమామ సంగతి ఎవ్వరును ఎత్తరు.

ఈ మౌనము మర్యాదను కాపాడుటకై పుట్టినది. కాని వైద్యుని దృష్టిలో ఇది ప్రమాదకరమైన మౌనము. త్రాగుడు కొన్ని వంశములలో తరతరములుగ కనబడు వ్యాధి యనియు, అట్టి వంశములలో పుట్టినవారికి నిద్రమందులు, శమనౌషధములు ఇతరులకు పనిచేసినట్లు పనిచేయకపోవచ్చు ననియు గత అర్ధశతాబ్ది పరిశోధనలు సూచించినవి. ఈ జ్ఞానము చెన్నపట్టణమునకు ఒక్క దినమున రాలేదు. ఈ నగరము త్రాగుడును మొదట పన్నుల పద్దుగను, పిదప చట్టవిరుద్ధమైన నేరముగను, కట్టకడపట కుటుంబవ్యాధిగను చూచినది. ఈ మూడు దశలను వరుసగ పరిశీలించి, కుటుంబ మర్యాద కొరకు దాచిన విషయమే కుటుంబమునకు హాని చేయుచున్నదని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1. ఆబ్కారి కాలము

మద్యము వలన కలుగు వికారములను మన ప్రాచీన వైద్యులు వ్యాధిగనే ఎంచిరి. చరకసంహిత చికిత్సాస్థానములోని ఇరువదినాలుగవ అధ్యాయము మదాత్యయ చికిత్సకును, సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములోని నలుబదియేడవ అధ్యాయము పానాత్యయ ప్రతిషేధమునకును కేటాయింపబడినవి. ఒకే మద్యము త్రాగువాని ప్రకృతిని బట్టియు, సత్త్వమును బట్టియు వేరు వేరుగ పనిచేయునని చరకుని సిద్ధాంతము. మనుష్యుని బట్టి మత్తు మారును అను మాట అందుచేత మనకు క్రొత్తది కాదు.

కుంఫిణీవారి కాలములోను, తరువాత దొరతనమువారి కాలములోను ఈ దృష్టి మరుగుపడినది. 1886 లో వచ్చిన మద్రాసు ఆబ్కారి చట్టము కల్లు సారాయిలను ఆదాయమార్గములుగ చూచినది. తాటిచెట్టునకు, ఈతచెట్టునకు, కొబ్బరిచెట్టునకు చెట్టుపన్ను; దుకాణములకు వేలము; సారాయి సరఫరాకు గుత్త. రాజధాని రాబడిలో ఆబ్కారి పద్దు పెద్ద పద్దులలో నొకటిగ నుండెను. రేవులోను, పెరంబూరు బట్టల మిల్లులలోను, నగర పారిశుద్ధ్యపు పనులలోను చేరిన తెలుగు కూలీలు ఉత్తర జిల్లాలనుండి వచ్చి గుడిసెలలో నివసించిరి. నడుము విరుగు పని చేసి, కూలి చేతబట్టుకొని ఇల్లు చేరువానికి దారిలో దుకాణ ముండెడిది. త్రాగుడు బీదవాని దుర్గుణమని ఆనాటి పెద్దమనుష్యులు తలచిరి. పెద్దమనుష్యుల ఇండ్లలో బ్రాందీ సీసా బీరువాలో నుండుటచేత అది లెక్కకు రాలేదు.

త్రాగుడు చివరకు చేర్చు గమ్యములలో పిచ్చాసుపత్రి ఒకటి. చెన్నపట్టణములో 1794 లో వాలెంటైన్ కానలీ అను శస్త్రవైద్యుడు మతిభ్రమ గలవారి కొరకు మొదటి ఆశ్రయమును స్థాపించెను. 1871 లో కీల్పాకములో ప్రభుత్వము పెద్ద ఆసుపత్రి కట్టించినది. అదియే నేటి మానసికారోగ్య సంస్థ. ఆ కాలపు ఆసుపత్రుల వార్షిక నివేదికలలో ఉన్మాదమునకు కారణములను పట్టికగ వ్రాయుట ఆచారము. గంజాయి, సారాయి ఒక వరుసలో నుండగా, వంశపారంపర్యము వేరొక వరుసలో నుండెడిది. ఒకే మనుష్యునియందు ఈ రెండు వరుసలు కలియవచ్చునని పట్టిక చెప్పజాలదు. తరువాతి చరిత్రయంతయు ఆ రెండు వరుసలు కలిసిన చరిత్రయే.

2. నిషేధ కాలము

స్వాతంత్ర్యోద్యమములో కల్లుదుకాణముల పికెటింగు ఉప్పు సత్యాగ్రహముతో సమానమైన స్థానము పొందినది. చక్రవర్తి రాజగోపాలాచారి ప్రధానిగ నేర్పడిన కాంగ్రెసు ప్రభుత్వము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించినది. మరుసటి సంవత్సరము తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకును, 1939 లో ఉత్తరార్కాటునకును అది విస్తరించినది. పోయిన ఆబ్కారి రాబడికి బదులుగ 1939 లో అమ్మకపు పన్ను వచ్చినది. యుద్ధకాలములో సలహాదారుల ప్రభుత్వము నిషేధమును నిలిపివేసినది.

1946 లో టంగుటూరి ప్రకాశము మంత్రివర్గము దానిని మరల చేపట్టినది. ఆ మంత్రివర్గములో ప్రజారోగ్య శాఖను నిర్వహించినవారు ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి. తరువాత ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రభుత్వ కాలమున, 1948 లో, నిషేధము రాజధాని యంతటను అమలయ్యెను. ఆంధ్రరాష్ట్రము 1953 లో వేరుపడిన పిమ్మట నిషేధమే ప్రకాశముగారి ప్రభుత్వమునకు గండమైనది. నిషేధమును గూర్చిన వివాదముపై వచ్చిన అవిశ్వాస తీర్మానములో 1954 నవంబరున ఆ ప్రభుత్వము ఒక్క ఓటుతో పడిపోయెను.

నిషేధము మేలు చేయలేదనుట అన్యాయము. కూలి డబ్బు ఇంటికి వచ్చెను. అనేక గృహములలో పొయ్యి వెలిగెను. కాని దుకాణము మూతపడినను మానలేని వారు కొందరు మిగిలిరి. వారు దొంగసారాయికి పోయిరి. అల్లము టింక్చరు వంటి, ఆల్కహాలు కలిసిన మందులను సీసాలకు సీసాలు త్రాగిరి. చెక్కకు పూయు వార్నీషును సహితము విడువలేదు. మందుగ అమ్ముడుపోవు వస్తువు మద్యము స్థానము నాక్రమించుట ఇక్కడనే స్పష్టముగ కనబడును. ఒక వీధిలో నూరుగురు త్రాగుచుండగా దుకాణము మూసిన వెంటనే ఎనుబదిమంది మానగలిగి, ఇరువదిమంది మానలేకపోయిరనుకొందము. ఆ ఇరువదిమంది ఎవరు? వారి తండ్రు లెట్టివారు? ఈ ప్రశ్న చట్టము అడుగునది కాదు.

తమిళనాడులో 1971 లో నిషేధము సడలింపబడి, 1974 నాటికి తిరిగి వచ్చి, 1981 లో మరల తొలగెను. 1983 లో ప్రభుత్వ మద్య వ్యాపార సంస్థ టాస్మాక్ ఏర్పడినది. 2003 నుండి చిల్లర అమ్మకము కూడ దాని చేతికే వచ్చెను. ఆబ్కారి పద్దు వేరొక పేరుతో తిరిగి రాబడిలో చేరినది.

3. నిద్రమందుల చరిత్ర

త్రాగుడు చరిత్రతో సమాంతరముగ నిద్రమందుల చరిత్ర నడచినది. ఈ చరిత్రలో తెలుగుదేశమునకు ఒక ముఖ్యస్థానము కలదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో, వైద్యాధికారి ఎడ్వర్డ్ లారీ పూనికపై రెండు క్లోరోఫారం కమిషన్లు జరిగినవి. క్లోరోఫారము పీల్చిన రోగి హఠాత్తుగ మరణించుటకు హేతువేమి యను విషయము వందలకొలది జంతువులపై పరీక్షింపబడెను. ముందు ఆగునది శ్వాసయే, గుండె కాదని కమిషన్లు తీర్మానించినవి. 1911 లో లెవీ చేసిన ప్రయోగములు ఆ తీర్మానము సంపూర్ణము కాదనియు, గుండె తటాలున ఆగుట కూడ కలదనియు నిరూపించినవి. హైదరాబాదు పండితులు మందును విచారించిరి, మందు ఇచ్చు విధమును విచారించిరి. పుచ్చుకొనువాని వంశమును విచారించుటకు ఆ కాలపు శాస్త్రమునకు సాధనములు లేవు.

1869 లో జర్మనీలో లీబ్రైక్ క్లోరల్ హైడ్రేటును నిద్రమందుగ ప్రవేశపెట్టెను. త్రాగుడు మానినపుడు కలుగు వణకును, సన్నిపాతమును అణచుటకు వైద్యులు దానిని వాడిరి. 1882 లో పారాల్డిహైడ్, 1903 లో బార్బిటాల్, 1912 లో ఫినోబార్బిటాల్ వచ్చినవి. 1955 లో మెప్రోబమేట్, 1960 లో లిబ్రియం పేరుతో క్లోర్‌డయాజెపాక్సైడ్, 1963 లో వాలియం పేరుతో డయాజెపామ్ వెలువడినవి. వచ్చిన ప్రతి మందును పూర్వపు మందుకంటె నిరపాయమని పొగడిరి. కొంతకాలమునకు ప్రతి మందునకును అలవాటు పడినవారు కనబడిరి. త్రాగుడు మాన్పుటకు ఇచ్చిన మందే మరియొక త్రాగుడైన సందర్భములు వైద్యచరిత్రలో కొల్లలు.

దీనికి హేతువు తరువాత తెలిసినది. మెదడులో నాడీకణముల ఉద్రేకమును తగ్గించు గాబా అను రసాయనమును 1950 లో కనుగొనిరి. 1977 లో, డయాజెపామ్ వంటి మందులు మెదడులో తగుల్కొను ప్రత్యేక స్థానములను యూరపు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ స్థానములు గాబా పనిచేయు ద్వారమునందే ఉన్నవి. మద్యము కూడ ఆ ద్వారము మీదనే పనిచేయును. ఒక తాళమునకు రెండు మూడు తాళపుచెవు లున్నట్లు మద్యమును, నిద్రమాత్రయు, బార్బిటాలును ఒకే పనికి పోవును. ఇందుండి మూడు ప్రమాదములు పుట్టుచున్నవి.

మొదటిది: త్రాగిన మత్తులో నిద్రమాత్ర పుచ్చుకొన్నచో రెండును కలిసి శ్వాసను అణచివేయును. రెండవది: చిరకాలము త్రాగినవానికి త్రాగని దినమున సాధారణపు మోతాదు పట్టదు, హఠాత్తుగ మానినచో రెండు మూడు దినములలో వణకు, మూర్ఛలు, సన్నిపాతము రావచ్చును. అందుచేతనే ఆసుపత్రిలో మందును లెక్క ప్రకారము ఇచ్చి, దినదినమునకు తగ్గించి, దానితోపాటు బి1 విటమిను ఇత్తురు. మూడవది: కాలేయము చెడినవానిలో కొన్ని నిద్రమందులు త్వరగ విరుగక శరీరములో నిలిచిపోవును. కనుక వైద్యుడు మందు నెన్నుకొనుటకే రోగి త్రాగుడు సంగతి తెలియవలెను. "పండుగకు పబ్బమునకు" అను సమాధానముపై మోతాదు కట్టినవాడు చీకటిలో బాణము వేసినవాడే.

ఈ మూడు ప్రమాదములు ఒకే కుండలో కలిసిన దృష్టాంతము తెలంగాణమున కలదు. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజెపామ్, ఆల్ప్రజొలామ్ వంటి మందులు కలిపి అమ్ముట అక్కడ చిరకాలముగ ఉన్న దురాచారము. 2015 లో అధికారులు కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో అనేకులు వణకుతో, వింతచేష్టలతో, మూర్ఛలతో ఆసుపత్రులలో చేరిరి. కల్లే త్రాగుచున్నామని వారు నమ్మిరి. వారి శరీరములు అలవాటుపడినది నిద్రమందునకు.

4. వైశ్యుల దృష్టాంతము

పై ప్రమాదములు త్రాగినవానివి. త్రాగనివానికి కూడ వంశమును బట్టి మందు వేరుగ పనిచేయునా? దీనికి తెలుగువారి యందే నిస్సంశయమైన ఋజువు కలదు. అది నిద్రమందును గూర్చినది కాదు. శస్త్రచికిత్సలో కండరములను వదులుచేయుటకు వాడు సక్సినైల్‌కోలిన్ అను మందును గూర్చినది. సాధారణముగ ఈ మందు కొలది నిమిషములలో రక్తములోని కోలినెస్టరేస్ అను పదార్థము వలన విరిగిపోవును. ఆ పదార్థము పుట్టుకతో లేనివారిలో అది విరుగదు. గంటలకొలది రోగి తనంతట ఊపిరి తీయజాలడు. యంత్రముతో శ్వాస నందించినచో బ్రతుకును, లేనిచో లేదు.

ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ లోపము మిక్కిలి ఎక్కువగ నున్నదని 1979 లో ఒక పరిశోధన వెల్లడించినది. 2006 లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన కోయంబత్తూరులోని వైశ్యులను పరీక్షించి, సుమారు 24 మందిలో ఒకరికి ఈ పదార్థము బొత్తిగ లేదనియు, ఇది యూరపు, అమెరికా ప్రజలలో కనబడు దానికంటె నాలుగువేల రెట్లు అధికమనియు చూపెను. హైదరాబాదు కణజీవశాస్త్ర పరిశోధనాలయమువారు పాల్గొన్న 2009 నాటి జన్యుపరిశోధన దీనికి చారిత్రక కారణమును సూచించినది. వైశ్య సముదాయము నూరు తరములకు పూర్వము కొలదిమంది పూర్వులనుండి విస్తరించి, నాటినుండి తమలో తామే వివాహములు చేసికొనుచు వచ్చినది. గోత్రముల పట్టికలో చదువవలసిన చరిత్ర రక్తములో వ్రాయబడి యున్నది.

ఈ దృష్టాంతములో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఇది తెలిసిన వైద్యుడు రోగి వైశ్యుడని వినగానే జాగ్రత్తపడును. రోగి బంధువులు కూడ "మా పినతండ్రిగారికి మత్తు ఇచ్చినపుడు తెలివి రాలేదు" అని సంకోచము లేక చెప్పుదురు. అందులో అవమాన మెవ్వరికిని తోచదు. ఆ ఒక్క మాట ప్రాణమును నిలుపును. త్రాగుడు విషయములో అదే కుటుంబము, అదే వైద్యుడు, అదే మంచము. మాట మాత్రము రాదు. భేదము జ్ఞానములో లేదు, సిగ్గులో నున్నది.

5. వంశ పరిశోధనలు

త్రాగుడు తండ్రినుండి కుమారునకు అలవాటుగ వచ్చునా, రక్తముతో వచ్చునా అను వివాదము చిరకాలము నడచినది. తండ్రిని చూచి కొడుకు నేర్చునని ఒక పక్షము. దీనిని తేల్చుటకు డెన్మార్కులో, పసితనముననే దత్తు పోయిన కుమారులను పరీక్షించిరి. 1973 లో గుడ్విన్ బృందము ప్రకటించిన దాని ప్రకారము, త్రాగుబోతు తండ్రికో తల్లికో పుట్టి ఇతరుల ఇండ్ల పెరిగిన 55 మందిలో 18 శాతము త్రాగుడు వ్యాధికి లోనైరి. అట్టి వంశచరిత్ర లేని 78 మంది దత్తపుత్రులలో 5 శాతమే లోనైరి. కన్నతండ్రిని చూడకుండ పెరిగిన కొడుకులకును ఆ వారసత్వము చేరినది. కవలలపై జరిగిన పరిశోధనలన్నిటిని కూర్చి చూచినచో, ఈ వ్యాధికి లోనగు స్వభావములో సుమారు సగము పుట్టుకవలననే వచ్చునని తేలుచున్నది. తక్కిన సగము ఇల్లు, స్నేహము, పని, దుకాణపు దగ్గరితనము, దుఃఖము.

పుట్టుకతో వచ్చునది ఏమి? కాలిఫోర్నియాలో షుకిట్ అను వైద్యుడు త్రాగుబోతుల కుమారులకును, ఇతరులకును ఒకే మోతాదు మద్యమిచ్చి పోల్చిచూచెను. త్రాగుబోతుల కుమారులలో అనేకులకు మత్తు తక్కువగ ఎక్కెను, తూలుట తక్కువ. పది సంవత్సరముల పిమ్మట వారినే మరల పరిశీలించి 1994 లో ఫలితములు ప్రకటించెను. త్రాగుబోతుల కుమారులలో మత్తు తక్కువగ నెక్కినవారిలో 56 శాతము త్రాగుడు వ్యాధి పాలైరి. మత్తు బాగుగ నెక్కినవారిలో 14 శాతమే. మన పల్లెలలోను పేటలలోను "వాడు కుండెడు త్రాగినను తూలడు" అని మెచ్చుకొను అలవాటు కలదు. మెచ్చుకొనదగిన ఆ బలమే అపాయమునకు మొదటి గుర్తు. దేహము "చాలు" అని చెప్పవలసిన చోట చెప్పక ఊరకుండును. ఆ మౌనమును పురుషు డైనవాడు బలమని భ్రమించును.

ఈ లక్షణము మద్యముతో నాగునా? గాబా ద్వారము ఒక్కటే కనుక నిద్రమందులకును వర్తింపవలెను గదా యని 1980 తరువాత కొందరు పరీక్షించిరి. అమెరికాలో కౌలీ బృందము త్రాగుబోతుల కుమారులకు డయాజెపామ్ ఇచ్చి చూడగా, కంటికదలికలపై మందు ప్రభావము వారిలో తక్కువగ కనబడెను. సిరౌలో బృందము 1989 లో ఆల్ప్రజొలామ్ ఇచ్చి చూడగా, త్రాగుబోతుల సంతానమునకు ఆ మందు ఇతరులకంటె ఎక్కువ ఉల్లాసము కలిగించెను. 1996 లో కుమార్తెల విషయములోను అట్లే కనబడెను. ఇట్టి భేదము కానరాని పరిశోధనలును కలవు కనుక దీనిని సర్వసాధారణ సూత్రముగ గ్రహింపరాదు. కాని మందు తక్కువగ పట్టి, సుఖము ఎక్కువగ నిచ్చు దేహమునకు అలవాటు త్వరగ పడుట సహజము. త్రాగుబోతు భర్తతో వేగలేక నిద్రమాత్ర కోరు ఇల్లాలు తానును త్రాగుబోతు కుమార్తె యగుట మన కుటుంబములలో అపూర్వము కాదు. ఆమె ఎన్నడును మద్యము ముట్టకపోవచ్చును. ఆమె తండ్రి సంగతి వైద్యునకు తెలిసినచో మాత్రను ఎన్ని దినములకు వ్రాయవలెనో ఆయన ఆలోచించును.

మన దక్షిణదేశపు సాక్ష్యము కూడ కలదు. కొత్త శబ్దమో దృశ్యమో ఎదురైనపుడు సుమారు 300 మిల్లీసెకండ్ల తరువాత మెదడులో ఒక విద్యుత్తరంగము లేచును. త్రాగుబోతుల కుమారులలో, ఏడు మొదలు పదమూడు సంవత్సరముల వయస్సు గలిగి మద్యమెరుగని బాలురలో, ఈ తరంగము చిన్నదిగ నున్నదని 1984 లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు చూపిరి. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థలో వివేక్ బెనెగల్ ప్రభృతులు 1995 లో ప్రకటించిన పరిశోధనలో ఒక కుటుంబములో త్రాగుబోతులైన బంధువు లెందరెక్కువగ నుందురో, తరంగ మంత తక్కువగ నుండునని తేలినది. బడిలో కూర్చున్న పిల్లవాని మెదడు వాని తాత ముత్తాతల లెక్క చెప్పుచున్నదన్నమాట. అట్టి బాలుని చపలతను, మరపును చూచి దండించుటకు ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి తలచుకొనవలెను.

6. అడయారులోని ఆసుపత్రి

చెన్నపట్టణములో త్రాగుడు కుటుంబవ్యాధియని బహిరంగముగ చెప్పి, దానికి తగిన చికిత్సాలయము కట్టినవారు శాంతి రంగనాథన్. పారిశ్రామికులుగను, రాజకీయ నాయకులుగను ప్రసిద్ధులైన టి.టి. కృష్ణమాచారి వంశములోనికి ఆమె కోడలుగ వచ్చిరి. ఆమె భర్త టి.టి. రంగనాథన్ త్రాగుడు వ్యాధితో 1979 లో యౌవనముననే మరణించిరి. అంత గొప్ప కుటుంబము ఆ మరణమునకు వేరొక వ్యాధిపేరు పెట్టి యుండవచ్చును. లోకమును నమ్మి యుండును. ఆమె అట్లు చేయలేదు. 1980 లో భర్త పేరుతోనే చికిత్సా పరిశోధనా సంస్థను స్థాపించి, ఆయనకు వచ్చిన వ్యాధినే దాని కార్యముగ పెట్టుకొనిరి. టి.టి.కె. ఆసుపత్రియని పిలువబడు ఆ సంస్థ అడయారు ఇందిరానగరున నున్నది. ఆమెకు 1992 లో పద్మశ్రీ లభించినది.

ఆ సంస్థ పద్ధతిలో రోగితోపాటు భార్యయో, తల్లిదండ్రులో కూడ వచ్చి కూర్చుందురు. శరీరమునుండి మత్తు దిగునంతవరకు వైద్యుడు మందులు కొలిచి ఇచ్చును. పిదప మాటలతో చికిత్స జరుగును. ఇంటిలో ఎవరు ఎంత త్రాగిరో, ఎవరు ఏమి దాచిరో నోరు విప్పి చెప్పుట ఆ చికిత్సలో భాగము. తంజావూరు ప్రాంతపు గ్రామములలో ఆ సంస్థ పెట్టిన శిబిరములలోను ఇదే పద్ధతి. త్రాగుడును ఆబ్కారి అధికారి రూపాయలలో లెక్కించెను. నిషేధాధికారి సీసాలలో లెక్కించెను. ఇక్కడ లెక్కింపబడునది బంధువులు.

7. దూబగుంట

చెన్నపట్టణమునకు ఉత్తరమున, నెల్లూరు జిల్లాలో, మరి పండ్రెండేండ్లకు ఇదే ధైర్యము వేరొక రూపము దాల్చినది. అక్షరాస్యతా తరగతులలో కూడిన దూబగుంట స్త్రీలు తమ భర్తల సారాయి వలన తమ ఇండ్లు కూలిన సంగతి నలుగురిలో చెప్పుకొనిరి. 1992 లో ఆ మాటలు సారాయి దుకాణములపై ఉద్యమమై రాష్ట్రమంతట వ్యాపించినవి. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమముతో నిలిచిపోయినది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలుచేసెను. 1997 లో అది సడలింపబడెను.

చట్టము మరల పోయినది నిజమే. కాని తన భర్త త్రాగుబోతని ఒక ఇల్లాలు నలుగురిలో చెప్పగలిగినది. ధనిక గృహములోని కోడలును, పల్లెలోని కూలియువతియు చేసినది ఒక్కటే పని. ఇంటి గుట్టు లంకకు చేటు అని నేర్చిన సమాజములో వారు గుట్టు విప్పి ఇంటిని నిలిపిరి.

ఉపసంహారము

ఈ చరిత్రనుండి రెండు అపార్థములు తీయరాదు. వంశములో త్రాగుడు కలదు గనుక కొడుకు త్రాగక తప్పదనుట మొదటి అపార్థము. డెన్మార్కు లెక్కలోనే త్రాగుబోతు సంతానములో 82 శాతము ఆ వ్యాధికి లోనుకాలేదు. వారసత్వము విధివ్రాత కాదు, హెచ్చరిక మాత్రమే. వంశదోషము గనుక త్రాగువాని బాధ్యత లేదనుట రెండవ అపార్థము. మధుమేహము గల వంశమువాడు చక్కెర విషయమున జాగ్రత్తపడినట్లే, ఇట్టి వంశమువాడు మొదటి గ్లాసు విషయముననే జాగ్రత్తపడవలెను. నిద్రపట్టని రాత్రి పొరుగువారి మాత్రను అరువు తెచ్చుకొనరాదు. మందులదుకాణములో చీటి లేక అడుగరాదు. డయాజెపామ్, ఆల్ప్రజొలామ్ వంటివి 1985 నాటి మాదకద్రవ్య చట్టపు పట్టికలో చేరియుండుట అకారణము కాదు. ఇప్పటికే త్రాగుచున్నవాడు, నిద్రమాత్రలు చాలకాలము వాడినవాడు వానిని తనంతట ఒక్కసారి మానక వైద్యుని చేతిమీదుగ మానవలెను.

కుటుంబములు చేయవలసిన పని మిక్కిలి చిన్నది. ఒక కాగితముపై మూడు తరములు వ్రాసికొనవలెను. తండ్రివైపు, తల్లివైపు ఎవరు త్రాగిరి, ఎవరు మానగలిగిరి, ఎవరు నిద్రమాత్ర లేనిదే పడుకొనజాలకపోయిరి, ఎవరికి మత్తు ఇచ్చినపుడు ఏమి జరిగినది. శస్త్రచికిత్సకు పోవునపుడును, నిద్రమందు వ్రాయించుకొనునపుడును ఆ కాగితమును వైద్యునకు చూపవలెను. అందులో వ్రాసిన పేర్లకు కళంకము రాదు. వారు అనుభవించిన బాధ మనుమలకు రక్షణగ మారును.

చెన్నపట్టణమునకు వచ్చి తరములు గడచినను తెలుగు గృహములలో అనేకము తద్దినమునాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రముతో సహా చెప్పుట మరువలేదు. వైద్యుడు అడుగునదియు ఆ మూడు తరముల సంగతియే. పేరు చెప్పుటకు వెనుదీయని నాలుక వారి వ్యాధిని చెప్పుటకును వెనుదీయకున్నచో, ఈ నగరము నూరేండ్లకు పైగ పడిన శ్రమ కొంతయైనను ఫలించినట్లగును.